అవతలి కొస పట్టుకున్నదెవరు

నా చిన్నప్పుడు ఎవరైనా "మీదే ఊరు పాపా?" అని అడిగితే ఊరి పేరు చెప్పకూడదు. జిల్లా పేరు చెప్పాలి. ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే రాష్ట్రం పేరు చెప్పి అక్కడితో ఆపెయ్యాలి. అది అమ్మ పెట్టిన నియమం. అప్పటికి రాష్ట్రం రెండుగా విడిపోయిన కొత్త. రాష్ట్రం మాట ఎత్తగానే పెద్దవాళ్లు ఆ చర్చలో పడిపోయి నా సంగతి మరిచిపోయేవారు. నాకది భలే వీలుగా ఉండేది.

మేము మస్కట్‌లో, ఘుబ్రాలో ఉండేవాళ్లం. అమ్మ ఒక ఆసుపత్రిలో నర్సు. నాన్న దుక్మ్‌లో కొత్తగా కడుతున్న పోర్టు దగ్గర సైటు సూపర్‌వైజరు. ఎడారికి అవతల అంత దూరం నుంచి ఎప్పుడో కానీ ఇంటికి వచ్చేవారు కాదు. కాబట్టి ఇంట్లో ఎక్కువగా అమ్మా నేనే. తలుపుకి గొలుసు ఉండేది. బెల్లు మోగితే గొలుసు తీయకుండా, ఆ సందులోంచే అమ్మ మాట్లాడేది. మా బతాకాలు, అంటే ఆ దేశంలో ఉండడానికి ఇచ్చే కార్డులు, బీరువాలో చీరల మడతల కింద దాచేది. "ఊరికే ఎవరూ పలకరించరే. పలకరించారంటే మనతో ఏదో పనుందన్నమాట" అనేది. పరాయి దేశంలో ఆడమనిషి పిల్లతో ఒంటరిగా నెగ్గుకు రావాలంటే అలాగే ఉండాలేమో అని నేనూ అనుకునేదాన్ని. ఆ మాట మీద నాకు అనుమానం రావడానికి కొంతకాలం పట్టింది.

అమ్మ పూర్తిగా నమ్మిన మనిషి ఒక్కరే, పక్కింటి ఖాలా. ఉర్దూలో పిన్నిని అలా పిలుస్తారు. హైదరాబాదువాళ్లు. ఆమె భర్త సీబ్‌లో ఒక ఒమానీ కుటుంబానికి డ్రైవరు. అమ్మకి మధ్యాహ్నం డ్యూటీ పడినప్పుడు నేను బడి నుంచి వచ్చి ఖాలా ఇంట్లోనే ఉండేదాన్ని. ఆ నమ్మకం కూడా అమ్మకి ఒక్కరోజులో రాలేదట.

మా పై అంతస్తులోకి ఒక అమెరికా పెద్దావిడ వచ్చింది. ఆవిడ కొడుకూ దుక్మ్‌లోనే ఇంజినీరు. భర్త పోయాక ఒంటరిగా ఉందని తల్లిని తనతో తెచ్చుకుని, తీరా ఇక్కడ కూడా ఆవిడను ఒంటరిగానే వదిలి సైటుకి వెళ్లిపోయేవాడు. వచ్చిన కొద్దిరోజులకే మెట్ల మీద జారి ఆవిడ చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఆసుపత్రిలో అమ్మే దగ్గరుండి చూసింది. అదే బిల్డింగులో ఉంటామని తెలిసి, మర్నాడు ఖర్జూరాల డబ్బా పట్టుకుని కృతజ్ఞత చెప్పడానికి మా ఇంటికి వచ్చింది.

అక్కడితో పోయుంటే బాగుండేది. ఆవిడ గుమ్మంలో నిలబడి, "మీవాళ్లు మొదట ఎక్కడివాళ్లు? మీ ముత్తాత ఏ ఊళ్లో పుట్టాడు? ఆ ఊరికి ముందు ఎక్కడుండేవాళ్లు?" అని అడిగింది. అమ్మ ముఖం చూడాలి! ఖర్జూరాల డబ్బా తెరవకుండా ఫ్రిజ్ మీద పెట్టేసింది. చాలాకాలం అది అలాగే ఉంది.

"ఈవిడకెందుకంట మా ముత్తాత సంగతి? ఏ ఆఫీసువాళ్లయినా పెట్టారేమో వివరాలు లాగమని" అంది అమ్మ ఖాలాతో.

ఖాలా అంతకంటే పెద్ద కబురే తెచ్చింది. ఏదో పార్సిల్ పొరపాటున వాళ్లింటికి వస్తే ఇవ్వడానికి పైకి వెళ్లిందట. "ఆమె ఇంట్ల టేబుల్ నిండ ఖబర్ల ఫోటోలేనమ్మా! పాత పాత సమాధులు. ఒకటి కాదు, బోలెడున్నయ్. నేను కండ్లతోటి చూసిన. బిడ్డను ఆ దిక్కు పోనియ్యకు."

ఆ తర్వాత నేను పై అంతస్తు వైపు చూడాలంటేనే భయపడేదాన్ని. లిఫ్టులో ఆవిడ ఉంటే మెట్లెక్కేదాన్ని.

తీరా ఏం జరిగిందంటే, ఖాలా తమ్ముడి పెళ్లి కుదిరి ఆమె హైదరాబాదు వెళ్లాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే అమ్మకి వరసగా మధ్యాహ్నం డ్యూటీలు వేశారు. నన్నెక్కడ ఉంచాలో తెలియక అమ్మ చర్చిలో వాళ్లనీ వీళ్లనీ తలుచుకుంటోంది. అడిగితే ఎవరో ఒకరు ఒప్పుకునేవారే. అడగడం అమ్మకి చేతకాదు. ఒకరి దగ్గర చెయ్యి చాస్తే రేపు దాన్ని ఎత్తి చూపిస్తారని ఆమె భయం. ఈలోగా ఖాలా వెళ్తూ వెళ్తూ లిఫ్టులో ఆ పెద్దావిడతో వచ్చీరాని ఇంగ్లీషులో మా కష్టం చెప్పేసింది. సమాధుల ఫోటోల మాట ఆమె మరిచిపోయినట్టుంది. పెద్దావిడ తనే దిగి వచ్చి, పాపను నా దగ్గర ఉంచండి అంది.

అమ్మ రెండురోజులు ఆలోచించి, వేరే దారి లేక ఒప్పుకుంది. నన్ను కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పింది. "వాళ్లింటి తలుపు తీసే ఉంచమను. అక్కడేమీ తినకు. మన సంగతులు అడిగితే జవాబు చెప్పకు. ఎదురు నువ్వే ఏదో ఒకటి అడుగు. అడుగుతూనే ఉండు. అప్పుడు ఆవిడకి అడిగే సందు ఉండదు."

అమ్మ మాట నేను తు.చ. తప్పకుండా పాటించాను. అడుగు పెట్టగానే, "మీరు సమాధుల ఫోటోలు ఎందుకు పెట్టుకున్నారు?" అని అడిగేశాను.

ఆవిడ ఉలిక్కిపడలేదు సరికదా, ఇన్నాళ్లకి ఎవరో అడిగారన్నట్టు ముఖమంతా నవ్వయింది. కుర్చీ లాగి నన్ను టేబుల్ దగ్గర కూర్చోబెట్టింది. మీ ఇంట్లో నాయనమ్మను ఏమని పిలుస్తారని అడిగింది. అది మాత్రం చెప్పొచ్చనిపించి "మామ్మ" అన్నాను. వాళ్ల కొండప్రాంతాల్లోనూ ఇంచుమించు అలాగే పిలుస్తారట. అయితే నన్నూ అలాగే పిలువు అంది. రాత్రి ఈ సంగతి చెబితే అమ్మ, "అప్పుడే వరసలు కూడా కలిపేసిందా!" అంది. కానీ నేను మాత్రం ఆ రోజు నుంచి ఆవిడను అమెరికా మామ్మ అనే పిలిచాను.

ఆ ఫోటోల్లో ఉన్నవాళ్లంతా ఆవిడ పూర్వీకులు. వాళ్లందరికీ మొదటివాడు ఒకాయన. అమెరికా ఇంకా పసిదేశంగా ఉన్నప్పుడు, తూర్పు తీరంలో ఊళ్లు వదిలేసి, కొండలు దాటి, పడమటి అడవుల్లోకి వెళ్లిన తొలితరం మనిషి. ఒక గొడ్డలి, ఒక తుపాకి, ఒక ఆవు వెంటబెట్టుకుని ఒంటరిగా వెళ్లాడట. ఎవరూ లేని లోయలో, తన చేత్తోనే చెట్లు కొట్టి, దుంగలు పేర్చి ఇల్లు కట్టాడట. ఆ వంశంలో పుట్టిన ప్రతి పిల్లకీ పిల్లవాడికీ అన్నం తినిపిస్తూ చెప్పే కథ అది. ఆ లోయలో ఆయన పేరు మీద ఒక రాయి కూడా పాతారు. ఇల్లు సగం కూలినా ఇంకా నిలిచే ఉంది. దాని ఫోటో చూపించింది. నా నడుమంత లావు దుంగలు, ఒకదాని మీద ఒకటి, పైకప్పు దాకా.

ఆ ఏడాది వేసవిలో వాళ్ల వంశమంతా ఆ ఇంటి ముందు కలుసుకోబోతున్నారట. మొదటి ఆయన కథ రాసి అందరికీ చదివి వినిపించే బాధ్యత మామ్మకి అప్పగించారు. ఆవిడ సంతోషంగానే మొదలుపెట్టింది. అంతలో ఎవరో తెలియని ఒకావిడ కంప్యూటరులో పలకరించింది. ఆవిడా పెద్దావిడే, నల్లజాతి మనిషి. ఆ లోయలో ఇల్లు కట్టింది మా ముత్తాతల్లో ఒకడు అని ఆవిడ చెబుతోంది. మీ పెద్దాయన ఒంటరిగా రాలేదు, మావాణ్ణి బానిసగా వెంట తెచ్చుకున్నాడు, దుంగలు కొట్టిందీ చెక్కిందీ మావాడే, మా ఇంట్లో పిల్లలకి మేం చెప్పే కథ ఇది అంటోంది.

"మొదట నాకు కోపం వచ్చింది. ఈవిడెవరు, ఇన్నేళ్ల తర్వాత ఎందుకొచ్చింది, ఏం కావాలి అనుకున్నాను" అని మామ్మ నాలుగైదు రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం నాతో చెప్పింది. ఆ మాటలు వింటుంటే అచ్చం అమ్మ మాటల్లాగే ఉన్నాయి. వాళ్ల అబ్బాయి అయితే జవాబే ఇవ్వొద్దన్నాడట.

నాకు బాగా గుర్తుంది, నేను వెంటనే మామ్మ పక్షం తీసుకున్నాను. "ఆవిడ అబద్ధం చెబుతోందేమో మామ్మా. మా అమ్మ చెప్పింది, ఊరికే ఎవరూ పలకరించరంట."

మామ్మ లేచి, గోడవారగా చుట్టి పెట్టిన పొడుగాటి తివాచీ చూపించింది. నడవాలో పరిచేది. కొడుకు ఏదో బజారులో కొని తెచ్చాడు, ఎండలు మొదలయ్యాయని చుట్టేసింది. గదిలో ఎదురెదురుగా రెండు పుస్తకాల అలమరాలు ఉన్నాయి, నా తలకన్నా కొంచెం ఎత్తు. "దీన్ని తీసుకెళ్లి ఆ రెండింటి మీదా అడ్డంగా పెట్టు చూద్దాం. కుర్చీ వాడుకో. నిన్నొక్క సంగతి మాత్రం కోరుతున్నాను, ఎవరినీ పిలవకూడదు" అంది. తను కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

నేను పదేళ్ల పిల్లని. అయినా అదేం పెద్ద పని కాదనిపించింది. ఈడ్చుకుంటూ తెచ్చాను. కుర్చీ ఎక్కి ఒక కొసను ఎలాగో అలమరా మీదకి ఎక్కించాను. దిగి రెండో కొస దగ్గరికి వెళ్లి ఎత్తగానే మొదటి కొస జారి దబ్బున కిందపడింది. మళ్లీ ఎక్కించాను, మళ్లీ పడింది. ఈసారి రెండో కొసను ముందు ఎక్కించి చూశాను. మధ్యలో భుజం పెట్టి ఒకేసారి లేపుదామని చూశాను. తివాచీ వంగిపోయి నా మీదే పడింది. ఏసీ ఉన్నా చెమటలు పట్టాయి. ఏడుపొచ్చింది. మామ్మ కుర్చీలోంచి కదల్లేదు.

చివరికి తివాచీని కాలితో తన్ని, "ఇది ఒక్కరి వల్ల కాదు! అవతలి కొస ఎవరో ఒకరు పట్టుకోవాలి!" అని అరిచాను.

మామ్మ నవ్వబోతూ ఏదో అనడానికి నోరు తెరిచింది. ఆ మాట నేను వినలేదు. తెరిచి ఉన్న తలుపులో అమ్మ నిలబడి ఉంది.

డ్యూటీ ఎవరితోనో మార్చుకుని, నా మీద బెంగతో తొందరగా వచ్చిందట. ఆమెకి కనిపించింది ఇదీ: చెమటతో, కన్నీళ్లతో, బరువు మోస్తున్న కూతురు, కుర్చీలో దర్జాగా కూర్చుని చూస్తున్న తెల్లావిడ. అమ్మ ఇంగ్లీషు ఎప్పుడూ మెత్తగా, ఆసుపత్రి ఇంగ్లీషులా ఉండేది. ఆ రోజు అలా లేదు. "మీకు చెయ్యి బాగోకపోతే పనిమనిషిని పెట్టుకోండి. మా పిల్ల చదువుకునే పిల్ల" అంది. మామ్మ కంగారుగా లేచి చెప్పబోయింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని మెట్ల మీదుగా లాక్కొచ్చింది. "ఊరికే ఉంచుకుంటానందా! నేను ముందే అనుకున్నా" అని గొణుగుతూనే ఉంది. ఆవిడ నాకో సంగతి నేర్పిస్తోందని నేను ఎంత చెప్పినా ఆమెకి ఎక్కలేదు.

మర్నాడు అమ్మ సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం మామ్మ మా తలుపు తట్టింది. అమ్మ గొలుసు తీయలేదు. మామ్మ ఆ సందులోంచే క్షమించమని అడిగి, జరిగింది చెప్పింది. తన పూర్వీకుడి కథ, ఆ దుంగలు, ఆ తెలియని ఆవిడ, అన్నీ. పై వరస దుంగను ఒక్క మనిషి ఎత్తి పెట్టలేడని పాపకి తనంతట తానే తెలియాలని అలా చేశానంది.

అమ్మకి అది సాకులాగే వినిపించింది. "ఒక్కరే ఏం చెయ్యలేరని ఎందుకనుకుంటున్నారు?" అంది నిష్ఠూరంగా. "నేను ఈ దేశం ఒంటరిగానే వచ్చాను. నాకెవరూ సాయం చెయ్యలేదు. అప్పటికి ఈ పిల్ల ఇంకా పాకుతోంది."

మామ్మ వెటకారంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నాకు ఆ గొంతు ఇంకా గుర్తుంది. "మరి అప్పుడు ఈ పాప ఎవరి దగ్గర ఉంది?"

అమ్మ నెమ్మదిగా తలుపు మూసేసింది. వంటింట్లోకి వెళ్లి, అప్పటికే కడిగిన గిన్నెలు మళ్లీ కడగడం మొదలుపెట్టింది.

ఆ ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. అమ్మ ముందు వచ్చిందనీ, నాన్నా నేనూ తర్వాత వచ్చామనీ విన్నాను. నేను నాన్న దగ్గరే ఉన్నాననుకున్నాను. కానీ నాన్న ఆ రోజుల్లో ఒరిస్సాలోనూ ఎక్కడెక్కడో సైట్లలో ఉండేవారని కూడా విన్నాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పొసగలేదు. నా మూడేళ్ల లోపు ఫోటో ఒక్కటీ ఇంట్లో లేదన్న సంగతి అప్పుడు తట్టింది. పదేళ్ల పిల్లకి తల్లి మీద అనుమానం రావడం ఎంత భయంగా ఉంటుందో చెప్పలేను. వీళ్లసలు మా అమ్మానాన్నలేనా అని కూడా అనిపించింది. అద్దంలో నా ముక్కు చూసుకుని, అమ్మ ముక్కు చూసి, కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

ఆ వారాంతం నాన్న వచ్చారు. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి చర్చీ ఆ రోజే. ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నప్పుడు అడిగేశాను. "అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు నేనెవరి దగ్గరున్నాను?"

నాన్న చేపలో ముల్లు తీస్తున్నవారు ఆగి అమ్మ వైపు చూశారు. "చెప్పెయ్. పిల్ల పెద్దదవుతోంది" అన్నారు.

"మా అక్క దగ్గర" అంది అమ్మ.

అమ్మకి అక్క ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

అమ్మ ఒక్కసారిగా చెప్పలేదు. అన్నం కలుపుతూ కొంత, చెయ్యి కడుక్కుని వచ్చి కొంత చెప్పింది. అక్కచెల్లెళ్లిద్దరూ కలిసే నర్సింగు చదివారు. నేను పుట్టాక నాన్నకి పనులు సరిగ్గా లేక అమ్మ నన్ను పెద్దమ్మకి అప్పగించి ఒమాన్ వచ్చింది. పెద్దమ్మకి పిల్లల్లేరు, భర్త లేడు. మూడేళ్లు దాటేదాకా నన్ను ఆవిడే పెంచింది. అప్పుడు నాన్నకి ఇక్కడ ఉద్యోగం దొరికి, అమ్మ నన్ను తీసుకెళ్లడానికి ఊరొచ్చింది.

"గుమ్మంలోకి రాగానే నిన్నెత్తుకుందామని చేతులు చాపా. నువ్వు మా అక్క కొంగు చాటున దాక్కున్నావే. 'అమ్మా, ఈ ఆంటీ ఎవరు?' అని దాన్నడిగావు. దాన్నేమో అమ్మన్నావు. నన్ను ఆంటీ అన్నావు." అమ్మ గొంతు ఎక్కడా వణకలేదు. అందుకే నాకు మరీ బాధనిపించింది. "కావాలని అదే నేర్పించిందనుకున్నా. నా పిల్లని నాకు కాకుండా చేసిందనుకున్నా. అనాల్సినవీ అనకూడనివీ అన్నీ అన్నా. నిన్ను ఏడుస్తుండగానే లాక్కొచ్చేశాం. మళ్లీ మాట్లాడలా."

"నిజంగా నేర్పించిందా?"

"ఏమో" అంది అమ్మ. అన్నం గిన్నె మీద మూత పెట్టి, "అందరు పిల్లలూ పెంచేవాళ్లని పిలిచే పిలుపే నువ్వూ పిలిచావేమో. ఎదురుగా ఉన్నది అదేగా" అంది.

నాన్న అప్పుడు ఒక మాట కలిపారు. "ఒమాన్ ఇంటర్వ్యూకి ఇద్దరూ వెళ్లారమ్మా. ఇద్దరికీ ఉద్యోగం వచ్చింది."

అమ్మ నాన్న వైపు కోపంగా చూసింది. తర్వాత ఆ కోపం పోయింది. "అవును. దానిక్కూడా వచ్చింది" అంది. మిగతాది అనక్కర్లేకుండానే నాకు అర్థమైంది. ఇద్దరూ వస్తే నన్ను చూసేవాళ్లు ఉండరు. ఒకరు ఆగిపోవాలి. ఆగిపోయింది పెద్దమ్మ.

ఆ తర్వాతి వారం, నేను అడక్కుండానే, అమ్మ నన్ను తీసుకుని పైకి వెళ్లింది. ఈసారి తనూ కూర్చుంది. మామ్మ ఇచ్చిన టీ కొంచెం అనుమానంగానే చూసి, తాగింది. సమాధుల ఫోటోలు ఒక్కొక్కటే తీసి చూసింది. మామ్మ ఆ తెలియని ఆవిడతో మొన్ననే మాట్లాడానని చెప్పింది. తను మొదట అడిగిన ప్రశ్న, మీకేం కావాలి అని. అవతలావిడ నవ్విందట. "ఏమీ అక్కర్లేదు. మావాడి పేరు మీ కథలో చెప్పండి, చాలు" అందట.

"ఆవిడ చెప్పింది నిజమేనని మీకెలా తెలుసు?" అని అమ్మ అడిగింది. అడ్డంగా అడగలేదు. తెలుసుకోవాలనే అడిగింది.

"ఖాయంగా తెలియదు" అంది మామ్మ. "కానీ ఆ దుంగల అవతలి కొస ఎవరో పట్టుకున్నారు. అదొక్కటీ ఖాయం. మా కథలో ఆ మనిషి లేడు. వాళ్ల కథలో ఉన్నాడు. ఎవరూ లేని లోయ అని కూడా మా కథలో ఉంది. అక్కడ అంతకుముందే ఊళ్లున్నాయి, ఆ మనుషుల్ని తరిమేశారు. ఇన్నాళ్లూ నేను బయటినుంచి వచ్చినవాళ్లనే అనుమానించాను. మా ఇంట్లో చెప్పుకునే కథని ఒక్కసారీ అనుమానించలేదు."

మామ్మ తను తెలుసుకున్నదంతా రాస్తానంటే కొడుకుకి నచ్చలేదు. నలుగురూ సరదాగా కలుసుకునే చోట ఇదంతా ఎందుకన్నాడు. మామ్మ వినలేదు. వేసవిలో వెళ్లి, ఆ ఇంటి ముందే చదివిందట. బంధువుల్లో కొంతమంది మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. మామ్మ మళ్లీ ఒమాన్ రాలేదు. తర్వాతెప్పుడో అమ్మ ఫోనుకి ఒక ఫోటో పంపింది. ఆ దుంగల ఇంటి ముందు ఇద్దరు ముసలమ్మలు, ఒకరు తెల్లగా, ఒకరు నల్లగా. ఇద్దరూ ఎండకి కళ్లు చికిలించుకుని, ఒకరికొకరు ఇంకా కొత్తగానే ఉన్నట్టు, కొంచెం ఎడంగా నిలబడి ఉన్నారు.

అమ్మ పెద్దమ్మకి ఫోను చెయ్యడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. నంబరు ఎవరెవరినో అడిగి సంపాదించింది. ఒక సెలవురోజు ఉదయం చేసింది. స్పీకరులో పెట్టింది, ఒక్కతే వినే ధైర్యం లేకేమో. అమ్మ గొంతు గుర్తుపట్టగానే పెద్దమ్మ అన్న మొదటి మాట, "ఏం కావాలే నీకు?"

అమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. అవతలినుంచి "పాప ఉందా పక్కన?" అని వినిపించింది. అమ్మ ఫోను నా చేతికిచ్చింది. ఆ గొంతు నాకు ఏమాత్రం గుర్తు లేదు. గుర్తొస్తే బాగుండునని ఎంత ప్రయత్నించినా రాలేదు.

"పెరుగన్నం పెడితే ఇంకా అలాగే ఏడుస్తున్నావా?" అని అడిగింది పెద్దమ్మ.

"నాకు పెరుగన్నం ఇష్టం పెద్దమ్మా" అన్నాను.

"ఇష్టమా!" అంది. "సరేలే. అయితే ఇప్పుడు పెడితే తింటావన్నమాట."

సెలవులకి వెళ్లినప్పుడు పెట్టింది, తిన్నాను. అంతటితో అంతా సర్దుకుపోయిందని చెబితే అది నిజం కాదు. పెద్దమ్మ నా జడ వేస్తుంటే అమ్మ పక్కగదిలోంచి ఒక కన్ను వేసి ఉంచేది. పెద్దమ్మ కూడా అమ్మ ఏం తెచ్చినా, ఇప్పుడెందుకు తెచ్చిందో అన్నట్టు చూసేది. కానీ మాటలు ఆగిపోలేదు. ఆ సెలవుల్లోనే ఒక ఆదివారం పొద్దున్నే చర్చిలో సాక్ష్యం చెప్పమంటే అమ్మ లేచి, పరాయిదేశంలో దేవుడు తనని ఎలా కాపాడాడో చెప్పింది. చెప్పి, కూర్చోబోయి, మళ్లీ నిలబడింది. "నేను అక్కడుంటే నా పిల్లని ఇక్కడ మా అక్క పెంచింది" అని అందరి ముందూ అంది. పెద్దమ్మ తల వంచుకుని కొంగు అంచు సరిచేసుకుంటూ ఉండిపోయింది. ఇంటికొచ్చాక ఇద్దరూ ఆ సంగతి ఎత్తలేదు. వంటలో ఉప్పు గురించి పోట్లాడుకున్నారు.

ఇప్పుడు నేనూ పెద్దదాన్నయ్యాను. అమ్మలాగే నేనూ కొత్తవాళ్లను తొందరగా నమ్మను. ఆ గుణం పోలేదు, పోవాలని కూడా అనుకోలేదు. కాకపోతే నా అనుమానం వాళ్లతోపాటు మా ఇంటి మాటల మీదకీ వెళ్తుంటుంది. ఎవరైనా "నేను ఒంటరిగా పైకొచ్చాను", "అంతా నా చేత్తోనే కట్టాను" అంటే వాదించను. అవతలి కొస ఎవరు పట్టుకున్నారని మాత్రం అడుగుతాను. నా స్నేహితులకి ఈ ప్రశ్నంటే చిరాకు. కొంతమంది కోప్పడతారు కూడా. చాలామంది మాత్రం ముందు నవ్వేసి, తర్వాత ఎన్నాళ్లుగానో పలకని ఒక పేరు చెబుతారు.